రెండు జతలు

ఒకే దుకాణం, ఒకే శనివారం, ఒకే రంగు.
అక్టోబరులో రెండు జతలు కొన్నాం
నేనూ హాల్ష్కా.
నావి నలభై ఏడు, ఆమెవి ముప్పై ఏడు.
కుర్రాడు బిల్లు కొడుతూ అన్నాడు,
"ఎనిమిది వందల కిలోమీటర్లకి ఢోకా లేదు."
తలెత్తి నన్ను ఒకసారి కిందినుంచి పైదాకా చూసి
"సుమారుగా" అని కలిపాడు.

ఆ సుమారుగా బరువు నూట పద్దెనిమిది కిలోలు.

గ్దీనియా రేవులో నా కొలువు క్రేను మీద.
నలభై మీటర్ల ఎత్తున గాజుగదిలో కూర్చుని
ఓడ కడుపులోంచి ఇనుపపెట్టెలు తీసి ఒడ్డున పెడతాను.
పెట్టె లేచినప్పుడల్లా తెరమీద ఓ అంకె వెలుగుతుంది:
ఇరవై రెండు టన్నులు, పద్నాలుగు,
ఒట్టి పెట్టెకి నాలుగు.
సిగ్గుపడే అంకె ఒక్కటీ ఉండదు.
నెలకోసారి గెరార్డ్ వచ్చి
ఉక్కుతాడుని చేత్తో తడిమి
తెగిన పోగులు లెక్కపెడతాడు.
లెక్క దాటితే తాడు మారుస్తాం.
ఇరవై ఏళ్ళలో
పెట్టెని తిట్టినవాణ్ణి నేను చూళ్ళేదు.

మడమ కింద మాత్రం వేరే న్యాయం.

వారానికి నాలుగు పొద్దుళ్ళు, ఐదున్నరకి,
సముద్రపు గోడ వెంట పరుగు.
అడుగు పడ్డప్పుడు బూటు మోసేది నన్నొక్కణ్ణి కాదు,
నాలాంటి వాళ్ళు ఇద్దరో ముగ్గురో.
అడుగున ఉన్న నురగలో చిన్నచిన్న గాలిగదులు
ఒక్కొక్కటే తలుపు మూసుకుంటాయి.
హాల్ష్కా అడుగుకి అవి వంగి లేస్తాయి
పొంగిన పిండిముద్దని వేలితో నొక్కి వదిలినట్టు.
నా అడుగుకి
వంగినవి వంగినట్టే.

చెప్పులరిగేలా తిరిగాడంటే
ఎవరి గుమ్మం చుట్టో అనుకుంటారు,
అప్పుకో, ఉద్యోగానికో.
నేను తిరిగింది డాక్టరు చెప్పిన ఓ అంకె చుట్టూ.
అది రెండంకెల్లో ఉంటుందట.
ఇంకా దర్శనం ఇవ్వలేదు.

వంటింటి తలుపు వెనక క్యాలెండరు,
దాని మీద పెన్సిలుతో నా కిలోమీటర్లు.
నవంబరుకే కుడి బూటు బయటి అంచు నున్నబడింది.
డిసెంబరులో మోకాలు మాట్లాడటం మొదలెట్టింది.
ఫిబ్రవరి పదకొండు: నాలుగు వందల ముప్పై.
బల్లమీద పెడితే నా జత చెరోపక్కకీ ఒరిగింది
ఒకరినొకరు పట్టుకోవడం మర్చిపోయిన తాగుబోతుల్లా.
పక్కనే ఆమె జత.
నిటారుగా, నిన్న కొన్నట్టు.

"అంతే దూరం, అదే గోడ, అదే ఉప్పు" అన్నాను.
గొంతులో కాస్త చేదు పలికిందేమో.
హాల్ష్కా ఉల్లిపాయ తరగడం ఆపలేదు.
"అదే గాలి కాదు" అంది.
నేను చూస్తూ ఉండిపోతే,
"నీ వెనక ఎప్పుడైనా పరిగెత్తావా నువ్వు?"

తిరిగొచ్చేటప్పుడు ఉత్తరపుగాలి మొహం మీదే.
ఆ గాలికి నేను మూసిన తలుపునట.
నా వీపు వెనక రెండడుగుల వెడల్పున
కాస్త వేసవి ఉండేదట.
అందులో పరిగెత్తేదట చలికాలమంతా
మెడచుట్టు గుడ్డ కూడా ఎగరకుండా.

నేనేమో వెనక చప్పుడు వినపడక
అలిసిపోయిందనుకుని
వేగం తగ్గించేవాణ్ణి.
అలా ఆపుకున్న ప్రతిసారీ మడమ మీద ఇంకాస్త పడుంటుంది.
ఆ కిలోమీటర్లు ఎవరి ఖాతాలో రాయాలో
నాకు తెలీలేదు.
ఉల్లిపాయలు వేగుతున్నాయి.
నేను పాత బూట్ల తాళ్ళు విప్పి
చుట్టగా చుట్టి సొరుగులో దాచాను,
తాళ్ళకి ఏమీ కాలేదు పాపం.

శనివారం మళ్ళీ అదే కుర్రాడు.
"నలభై ఏడు. అదే రంగు" అన్నాను.
"అప్పుడేనా?"
"ఒక జతలో ఇద్దరం పరిగెత్తాం లే."
వాడు నవ్వలేదు, డబ్బా వెతకడానికి లోపలికెళ్ళాడు.
ఈసారి అతను ఏ అంకే చెప్పలేదు,
నేనూ అడగలేదు.

క్యాలెండరులో ఇప్పుడు ఇంకో వరస ఉంది.
గీతలు హాల్ష్కావి, వంకరగా.
పైన రాసింది: గాలి.
ఇవాళ్టి గడిలో:
ఉత్తరం. గట్టిగా. నువ్వు ముందు.